గని ప్రమాదం జరిగాక ప్రభుత్వాన్ని జవాబుదారీ చేయడం ఎలా? తండాలకు, చెంచు పెంటలకు ఒక దారి

గుట్ట మీద బ్లాస్టింగ్‌కి ఇళ్ల గోడలు బీటలిచ్చాయి. లేదా క్వారీ అంచు విరిగి మనుషుల మీద పడింది. లేదా వ్యర్థాలు నిల్వ చేసిన చెరువు కట్ట తెగి, వాగులోకి బురదనీళ్లు వచ్చాయి. సాయంత్రానికల్లా నాయకులు వస్తారు, కొంత సాయం ప్రకటిస్తారు, విచారణ జరిపిస్తామంటారు. ఆరు నెలలు గడిచాక ఆఫీసుకు వెళ్తే ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

దేవరకొండ, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు తండాల్లో, పెంటల్లో (అడవిలోని చెంచుల గూడేల్లో) ఉండేవాళ్ల కోసం, వాళ్లకు అర్జీలు రాసిపెట్టే చదువుకున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కంపెనీ మీద కేసు పెట్టాలని ఎవరికైనా తడుతుంది. కానీ కంపెనీ దివాలా తీయొచ్చు, లీజు ఇంకొకరికి బదిలీ చేయొచ్చు, పేరు మార్చుకోవచ్చు. ప్రభుత్వం ఎక్కడికీ పోదు. ఆ గుట్టను లీజుకిచ్చింది, అనుమతి పత్రం మీద సంతకం పెట్టింది, తనిఖీ చేయాల్సింది ప్రభుత్వమే. ప్రమాదం రావచ్చని దానికి ముందే తెలుసని మీరు కాగితం మీద చూపించగలిగితే, బాధ్యత నుంచి తప్పుకోవడం చాలా కష్టం. కింద చెప్పే పనులన్నీ ఆ కాగితం సంపాదించడం చుట్టూనే తిరుగుతాయి.

మొదటి రెండు మూడు రోజులు

ఫొటోలు, వీడియోలు తీయండి. తీసేముందు ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేయండి. అసలు ఫైళ్లను ఫోన్‌లోనే ఉంచి, ఇంకో ఫోన్‌కో పెన్‌డ్రైవ్‌కో కాపీ చేయండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో తేదీ, స్థలం వివరాలు పోతాయి కాబట్టి దాని మీద మాత్రమే ఆధారపడొద్దు. గోడ బీటను తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. రెండు వారాలకు మళ్లీ తీస్తే బీట పెరిగిందో లేదో తేలుతుంది.

దెబ్బలు తగిలినవాళ్లను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి మెడికో లీగల్ కేసుగా రాయించండి. ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చేస్తే రేపు దెబ్బ తగిలినట్టు రుజువే ఉండదు. పశువులు చచ్చిపోతే పూడ్చకముందే పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించి రిపోర్టు తీసుకోండి. పంట దెబ్బతింటే వ్యవసాయ విస్తరణ అధికారిని పొలంలోకి పిలిచి, సర్వే నంబరు, విస్తీర్ణం రాయించండి. పంచనామా జరిగితే అందులో ఏం రాశారో చదివి వినిపించమని అడగండి. మీకు తెలియని సంగతి ఉంటే సంతకం పెట్టకండి.

పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదులో చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. లంబాడీలు, చెంచులు షెడ్యూల్డ్ తెగల వాళ్లు. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊట, చెరువు, ఇతర నీటి వనరును పాడుచేసి వాడకానికి అంతగా పనికిరాకుండా చేయడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. సెక్షన్ 3(1)(ఎక్స్) అదే చెబుతుంది. భూమి, నీరు, అటవీ హక్కుల అనుభవానికి అడ్డుపడటం 3(1)(జి) కిందికి వస్తుంది. పాడుచేసింది ఎస్సీ, ఎస్టీ కానివాళ్లయితేనే ఇవి వర్తిస్తాయి. జరిగింది నిజంగా ఈ సెక్షన్లలోకి వస్తుంటే సెక్షన్ నంబరుతో సహా ఫిర్యాదులో రాయండి. రాకపోతే లాగి పెట్టకండి, అసలు కేసు బలం పోతుంది.

నీటి పరీక్ష: నల్లగొండలో ఎదురయ్యే చిక్కు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన జిల్లాల్లో కేసులు వీగిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని దేశమంతా తెలుసు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు తరాల తరబడి జనం దాంతో వంకర్లు పోయారు. గని వల్ల నీళ్లు పాడయ్యాయని మీరు అంటే అవతలి లాయరు మొదటి మాటే ‘ఇక్కడి నీళ్లు ఎప్పుడూ ఇంతే’ అంటాడు. దానికి మీ దగ్గర సిద్ధంగా జవాబు ఉండాలి. కాబట్టి ఫ్లోరైడ్ ఒక్కటే పరీక్ష చేయించి ఊరుకోవద్దు. అక్కడ తవ్వుతున్న ఖనిజాన్ని బట్టి ఏమేం చూడాలో ల్యాబ్‌ను అడగండి. యురేనియం, ఆర్సెనిక్, సీసం, సల్ఫేట్, నైట్రేట్, మొత్తం లవణాలు వంటివి చేర్చండి. పేలుడు మందు వాడే చోట నైట్రేట్ చూడటం ముఖ్యం. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

రెండోది, ప్రమాదానికి ముందు నీళ్లు ఎలా ఉండేవో తెలియాలి. భూగర్భ జల శాఖ పరిశీలక బావుల రికార్డులు, మిషన్ భగీరథ నీటి పరీక్షల రికార్డులు, కంపెనీ తనే పర్యావరణ అనుమతి కోసం ఇచ్చిన నివేదికలోని నీటి లెక్కలు చూడండి. కంపెనీ ఇచ్చిన ఆ నివేదికను తప్పకుండా సంపాదించండి. గని రాకముందు మీ బావి నీళ్లు బాగున్నాయని కంపెనీయే రాసి ఉంటే, తర్వాత అది మాట మార్చలేదు. ప్రమాద స్థలానికి ఎగువన ఉన్న ఒక బోరు నీటిని కూడా పరీక్ష చేయించండి. ఎగువన లేనిది దిగువన ఉంటే ఫ్లోరైడ్ వాదన నిలవదు.

మూడోది, నీళ్లు ఎవరు తీశారన్నది. మీరు ప్రైవేటు ల్యాబ్‌కి పంపిన నమూనా మీ వాదనకు బలమిస్తుంది. గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే పంపండి, సీసా వాళ్ల దగ్గరే తీసుకోండి, తీసిన సమయం రాయండి. కానీ 1974 నాటి నీటి కాలుష్య చట్టం కింద కోర్టులో నిలబడేది కాలుష్య నియంత్రణ మండలి అధికారులు సెక్షన్ 21 ప్రకారం తీసి, సీలు వేసి, సంతకాలు చేయించిన నమూనా. అందుకే నల్లగొండలోని మండలి ప్రాంతీయ కార్యాలయానికి, లేదా మీ జిల్లాకు బాధ్యత ఉన్న కార్యాలయానికి, ‘వెంటనే వచ్చి సెక్షన్ 21 ప్రకారం నమూనాలు తీయండి’ అని అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్లు రాకపోతే, రాలేదన్నదే రేపు ప్రభుత్వం మీద మీ సాక్ష్యం.

అర్జీ ఎలా రాయాలి

ఊరంతా కలిసి ట్రాక్టర్లలో వెళ్లి కలెక్టరేట్ ముందు కూర్చోవడం అవసరమే. కానీ వెళ్లేటప్పుడు చేతిలో అర్జీ, తిరిగి వచ్చేటప్పుడు రశీదు ఉండాలి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చి నంబరు తీసుకోండి. అదే అర్జీని గనుల శాఖ సహాయ సంచాలకుడికి, కాలుష్య నియంత్రణ మండలికి, గనుల భద్రత డైరెక్టరేట్‌కి, చెంచుల పెంటలైతే మన్ననూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. భాష ఇలా ఉంటే చాలు:

‘ఫలానా తేదీ ఇన్ని గంటలకు, ఫలానా సర్వే నంబరులోని గని నుంచి ఫలానా ప్రమాదం జరిగింది. మా తాగునీటి బావి, ఇన్ని ఎకరాల పంట, ఇన్ని ఇళ్లు దెబ్బతిన్నాయి. ఈ ప్రమాదం గురించి మేము ఇంతకుముందు ఫలానా తేదీన హెచ్చరించాం, ప్రతి జతచేశాం. తక్షణం తాగునీరు, వైద్యం ఇవ్వాలి. గని పని ఆపాలి. నమూనాలు తీయాలి. తీసుకున్న చర్యను మాకు రాతపూర్వకంగా తెలియజేయాలి.’

బాధ, కోపం రాయొద్దని నేను అనను. కానీ తేదీలు, సర్వే నంబర్లు, కోరికలు మొదటి పేజీలోనే ఉండాలి. చదివే అధికారికి ఆ పేజీ ఒక్కటే కనబడుతుంది.

ఇంకా ప్రమాదం జరగలేదా? అయితే మీరు మరీ మంచి స్థితిలో ఉన్నారు. బ్లాస్టింగ్‌కి రాళ్లు పొలాల్లో పడుతున్నాయని, కట్ట నుంచి నీళ్లు ఊరుతున్నాయని ఇవాళే గ్రామసభలో తీర్మానం చేసి పంపండి. చాలా తండాలు 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. గ్రామసభ మీ చేతిలోనే ఉంది.

ముందే తెలుసని చూపించే కాగితాలు

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన తెలంగాణలో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే ఎక్కడా కట్టక్కర్లేదు. మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. తాగునీరు విషమయ్యిందో లేదో తెలుసుకోవడం ప్రాణానికి సంబంధించిందేనని దరఖాస్తులో రాయండి.

అడగాల్సినవి: లీజు ఒప్పందం, మైనింగ్ ప్లాన్, పర్యావరణ అనుమతి పత్రం, అందులోని షరతులు, ఆరు నెలలకోసారి కంపెనీ ఇచ్చే అమలు నివేదికలు, మండలి ఇచ్చిన సమ్మతి పత్రం, గత ఐదేళ్లలో ఏ అధికారి ఎప్పుడు తనిఖీకి వచ్చాడు, ఏం లోపం రాశాడు, దాని మీద ఏం చేశారు. ఫైలును స్వయంగా చూసే హక్కు కూడా అడగండి. నోట్‌ఫైల్‌లో కింది అధికారి ‘ప్రమాదకరం’ అని రాస్తే పై అధికారి పక్కన పెట్టిన పేజీ దొరికితే, అది లక్ష నినాదాలకు సమానం.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానో కెనడాలో జరిగింది చూస్తే అర్థమవుతుంది. 2014 ఆగస్టు 4న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో మౌంట్ పాలీ రాగి, బంగారు గని వ్యర్థాల కట్ట తెగింది. దాదాపు రెండున్నర కోట్ల ఘనపు మీటర్ల బురద, నీళ్లు హేజల్‌టైన్ వాగు మీదుగా క్వెస్నెల్ సరస్సులోకి వెళ్లాయి. సాల్మన్ చేపల మీద బతికే అక్కడి సెక్వెపెమ్క్ ఆదివాసుల సొంత నేల అది. కట్ట కింద ఉన్న మెత్తటి మట్టి పొరను డిజైన్‌లో గుర్తించలేదని నిపుణుల కమిటీ 2015 జనవరిలో చెప్పింది. ఆమోదించిన డిజైన్ ప్రకారం కట్ట కడుతున్నారో లేదో గనుల మంత్రిత్వ శాఖ సరిగా చూసుకోలేదని 2016లో ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ తేల్చారు. ప్రభుత్వ తప్పు అలా దాని సొంత కాగితాల్లోనే బయటపడింది.

అయినా కేసు పెట్టడానికి ఉన్న మూడేళ్ల గడువు 2017 ఆగస్టులో ముగిసింది. రాష్ట్ర ప్రభుత్వం తన చట్టాల కింద కంపెనీ మీద కేసు పెట్టనే లేదు. ఆదివాసీ సమాజపు మాజీ నాయకురాలు బెవ్ సెల్లర్స్ గడువు చివర్లో ప్రైవేటు ఫిర్యాదు వేశారు. ప్రభుత్వ న్యాయవాదులు 2018లో దాన్ని ముందుకు సాగనివ్వలేదు. అంత సాక్ష్యం ఉన్నచోటే గడువు చేయి జారిపోయింది. కాబట్టి క్యాలెండరులో గడువులు రాసుకోండి. అవేంటో కింద చెబుతాను.

ప్రభుత్వం ఏ హోదాలో తప్పు చేసింది?

‘ప్రభుత్వం బాధ్యత వహించాలి’ అని ఊరికే రాస్తే కోర్టులో నిలబడదు. ఏ శాఖ, ఏ పని చేయాల్సి ఉండి చేయలేదో విడివిడిగా రాయాలి.

గ్రానైట్ లాంటి చిన్న తరహా ఖనిజాలకు లీజు ఇచ్చేది రాష్ట్ర గనుల శాఖ. కాలుష్యం చూడాల్సింది నియంత్రణ మండలి. కార్మికుల భద్రత, పేలుళ్ల తీరు చూడాల్సింది కేంద్రం కింది గనుల భద్రత డైరెక్టరేట్. యురేనియం అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. అన్వేషణ చేసేది కేంద్రం చేతిలోని అణు ఖనిజాల డైరెక్టరేట్, తవ్వేది యూసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ. అంటే అనుమతి ఇచ్చేవాడూ తవ్వేవాడూ ప్రభుత్వమే. మధ్యలో ప్రైవేటు కంపెనీ మీదికి తోసేయడానికి వీలుండదు.

లంబాపూర్, పెద్దగట్టు వాళ్లకు ఈ విషయం బాగా తెలుసు. 2003లో అక్కడ యురేనియం గని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నాగార్జునసాగర్ జలాశయానికి అంత దగ్గర గని వద్దని జనం ఎదురుతిరిగారు, గని మొదలు కాలేదు. సాగర్ నుంచి కృష్ణా నీళ్లు అక్కంపల్లి మీదుగా హైదరాబాద్‌కూ తాగడానికి వెళ్తాయి. మీ ఊరి ప్రమాదం వల్ల దిగువన ఎవరెవరు నష్టపోతారో అర్జీలో రాయండి. తండా ఒక్కటే మాట్లాడితే వినని ఆఫీసు, నగరం నీళ్ల మాట వస్తే వింటుంది. ఇది న్యాయం కాదు, కానీ వాడుకోవాల్సిన సంగతి.

మీ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా?

ఇది తప్పక తేల్చుకోండి. పాత అచ్చంపేట తాలూకాలోని అమ్రాబాద్, మన్ననూరు, అప్పాపూర్ సహా చాలా పల్లెలు, పెంటలు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. నల్లగొండ జిల్లా తండాలు లేవు. తహసీల్దారు ఆఫీసులో మీ గ్రామం పేరుతో రాతపూర్వకంగా అడగండి.

షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ వెనక ఉంటుంది. అక్కడి ప్రభుత్వ భూమిని గని కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని ఆ తీర్పు. అయితే ప్రభుత్వ సంస్థలకు అది అడ్డం కాదు. యురేనియం విషయంలో దీన్ని నమ్ముకుని కూర్చోలేం. చిన్న ఖనిజాల లీజుకు పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం ప్రకారం గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. అది లేకుండా ఇచ్చిన లీజులో ప్రమాదం జరిగితే, తప్పు లీజు ఇచ్చినరోజే మొదలైనట్టు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో లేకపోయినా అటవీ హక్కుల చట్టం 2006 మీకు వర్తిస్తుంది. చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన తెగగా గుర్తింపు పొందినవాళ్లు. వాళ్లకు ఆవాస హక్కు కూడా అడిగే వీలుంది. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ గని కావాలో వద్దో గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో చెప్పింది. 12 గ్రామసభలూ వద్దన్నాయి. గ్రామసభ పెట్టేటప్పుడు అటవీ హక్కుల నియమాల ప్రకారం సగం మందికి తక్కువ కాకుండా, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండేలా చూసి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. కోరం (కనీస హాజరు) లేదని తర్వాత కొట్టేయకుండా ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలి, ఎంతలోపు

లాయరు ఫీజు భయంతో ఆగిపోకండి. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పారిశ్రామిక ప్రమాద బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. ఫోన్ 15100. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కుల ధ్రువపత్రం పట్టుకెళ్లండి.

పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ మనకు చెన్నైలో ఉంది. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. పరిహారం, పాడైన నేలా నీరూ బాగుచేయించడం కోసమైతే ఆ ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 15 కింద ఐదేళ్ల గడువు. పర్యావరణానికి సంబంధించిన మిగతా వివాదాలకు సెక్షన్ 14 కింద ఆరు నెలలే. రెండింటికీ సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఐదేళ్లున్నాయి కదా అని ఆగకండి, ఆరు నెలల లోపే వేయడం మంచిది. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో 1 శాతం ఫీజు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. సెక్షన్ 17 ప్రకారం ప్రమాదంలో ఎవరి తప్పూ లేదన్న వాదన అక్కడ చెల్లదు. ఆ సెక్షన్ గనిలో పనిచేసే కార్మికులకు వర్తించదు, వాళ్ల పరిహారం కార్మిక చట్టాల కింద వేరుగా అడగాలి. పంట, పశువులు, వైద్యం ఖర్చు, పోయిన కూలి, ఇల్లు, నేల బాగుచేసే ఖర్చు, ఒక్కోటి ఒక్కో లెక్కగా రాయండి. అటవీ హక్కుల చట్టం ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో లేదు. ఆ వాదన హైకోర్టులో రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్‌లో పెట్టాలి.

ప్రభుత్వం డబ్బు కట్టాల్సి వస్తుందా అని అడిగేవాళ్లకు మేఘాలయ ఉదాహరణ చెప్పండి. అక్కడ ఎలుక బొరియల లాంటి బొగ్గు గనులను ట్రిబ్యునల్ 2014లోనే నిషేధించింది. తవ్వకం ఆగలేదు. 2018 డిసెంబరు 13న తూర్పు జైంతియా కొండల్లో ఒక గనిలోకి నీళ్లొచ్చి కార్మికులు చిక్కుకుపోయారు. 2019 జనవరిలో ట్రిబ్యునల్ 100 కోట్లు జమ చేయమని రాష్ట్ర ప్రభుత్వాన్నే ఆదేశించింది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని ఖనిజాల మీద వసూలు చేసిన పర్యావరణ నిధి నుంచి ఇవ్వొచ్చని చెప్పింది, డబ్బు మాత్రం జమ కావాల్సిందేనంది. నిషేధం ఉందని తెలిసీ ఆపకపోవడం రాష్ట్రం మెడకు చుట్టుకుంది.

హైకోర్టులో వాడుకునే తీర్పులు రెండు గుర్తుంచుకోండి. ప్రమాదకర పరిశ్రమ వల్ల నష్టం జరిగితే ఎలాంటి మినహాయింపూ లేకుండా బాధ్యత ఉంటుందని ఎంసీ మెహతా కేసులో 1986లో చెప్పారు. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే ప్రభుత్వం సార్వభౌమత్వం పేరు చెప్పి తప్పించుకోలేదని నీలబతి బెహెరా కేసులో 1993లో చెప్పారు. మామూలు సివిల్ దావా అయితే ప్రభుత్వానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. నా ఉద్దేశంలో పల్లెవాళ్లకు అది ఆఖరి దారి, చాలా ఏళ్లు పడుతుంది. జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్‌కి కూడా ఒక అర్జీ పంపండి. అధికారులను పిలిపించి కాగితాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు దానికున్నాయి.

‘గని ఆపితే కంపెనీ మన మీద కేసు వేస్తుంది’ అన్నప్పుడు

ఆఫీసుల్లో, మీటింగుల్లో ఈ మాట వింటారు. లీజు రద్దు చేస్తే పెట్టుబడి పెట్టినవాళ్లకు ప్రభుత్వం కోట్లు కట్టాలి, ఆ డబ్బు మీ పన్నుల్లోంచే పోతుంది అంటారు. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టి అర్థం చేసుకోవాలి.

విదేశీ పెట్టుబడిదారులు దేశాల మధ్య ఒప్పందాల కింద అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తుల తీర్పుకు) వెళ్లగలరు. విశాఖ ఏజెన్సీ బాక్సైట్ విషయంలో ఆంధ్రప్రదేశ్ ఒప్పందం వెనక్కి తీసుకున్నాక యూఏఈకి చెందిన రస్ అల్ ఖైమా ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీ 2016లో భారతదేశం మీద అలా కేసు వేసింది. పెరూలో రెండు వైపులా దెబ్బ తగిలింది. లా ఒరోయా ఊళ్లో లోహాల కర్మాగారం విషవాయువుల విషయంలో 80 మంది బాధితుల పక్షాన అంతర అమెరికా మానవ హక్కుల కోర్టు 2023లో పెరూ ప్రభుత్వాన్ని బాధ్యుల్ని చేసింది. అదే కర్మాగారం మీద యజమాని సంస్థ అయిన అమెరికా కంపెనీ రెన్కో పెరూ మీదే కేసు వేసింది.

కానీ ఇలాంటి కేసులు కొన్ని ఎలా తేలాయో చూస్తే మీకు ధైర్యం వస్తుంది. పెరూలో ఐమారా ఆదివాసుల ఆందోళన తర్వాత ప్రభుత్వం 2011లో బేర్ క్రీక్ అనే కెనడా కంపెనీ హక్కును ఒక్క ఉత్తర్వుతో తీసేసింది. 2017లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ కంపెనీకి పరిహారం ఇప్పించింది. కంపెనీ అడిగింది 52 కోట్ల డాలర్లకు పైగా, వచ్చింది 1.82 కోట్ల డాలర్లు. కంపెనీ మాట వినకుండా రద్దు చేయడమే పెరూ చేసిన పెద్ద పొరపాటు. ఎల్ సాల్వడార్‌లో పసిఫిక్ రిమ్ కంపెనీ అనుమతికి కావాల్సిన షరతులు పూర్తి చేయలేదు. 2016లో ఆ కేసును కొట్టేసి, దేశానికి 80 లక్షల డాలర్ల ఖర్చులు ఆ కంపెనీయే కట్టాలన్నారు.

దీన్నుంచి మీకు రెండు పనులు. మొదటిది, అర్జీలో ‘గని రద్దు చేయండి’ అని మాత్రమే రాయకండి. ‘షరతుల ఉల్లంఘన మీద నోటీసు ఇచ్చి, విచారించి, ఖనిజాల చట్టం 1957 సెక్షన్ 4ఎ కింద లీజు ముందే ముగించే చర్య మొదలుపెట్టండి’ అని రాయండి. పర్యావరణాన్ని కాపాడటానికి, ప్రజారోగ్యానికి ప్రమాదం తప్పించడానికి లీజును గడువుకు ముందే ముగించే దారి ఆ సెక్షన్‌లో ఉంది. లీజుదారు మాట వినాలన్న నియమమూ ఉంది. ఆ పద్ధతి పాటిస్తే రేపు కంపెనీ కేసు బలహీనపడుతుంది. రెండోది, మీ గ్రామసభ తీర్మానాలు, ఫిర్యాదులు ఫైలులో ఉండేలా చూడండి. కంపెనీ ‘మాకు చెప్పకుండా ఆపేశారు’ అన్నరోజు ప్రభుత్వం చూపించుకోవాల్సింది మీరు పంపిన ఆ కాగితాలనే. మీకు పరిహారం తెచ్చేదీ ప్రభుత్వాన్ని పెట్టుబడిదారుల నుంచి కాపాడేదీ ఒకే కాగితం. ఈ సంగతి కలెక్టరుకు నేరుగా చెప్పండి.

మన దేశం 2016 తర్వాత చాలా పాత ఒప్పందాలను రద్దు చేసుకుంది. కొత్త నమూనా ప్రకారం విదేశీ కంపెనీ మొదట ఐదేళ్లు ఇక్కడి కోర్టుల్లోనే తేల్చుకోవడానికి ప్రయత్నించాలి. ఇక షేర్లు కొన్న పెట్టుబడిదారుల సంగతి వేరు, వాళ్లు ప్రశ్నించేది కంపెనీని. బ్రెజిల్‌లో 2019 జనవరి 25న బ్రుమాడిన్యో కట్ట తెగి 270 మంది చనిపోయారు. కట్టల భద్రత గురించి పెట్టుబడిదారులను తప్పుదోవ పట్టించిందన్న కేసులో వాలే కంపెనీ 2023లో అమెరికా నియంత్రణ సంస్థకు 5.59 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మీ ఊరి గని వెనక స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ ఉంటే, మీ ఫిర్యాదు ప్రతిని స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీకి, బ్యాంకు అప్పు ఉంటే ఆ బ్యాంకుకు పంపండి.

డబ్బు చేతికొచ్చేటప్పుడు

ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చే సాయం. అది మీ పరిహారం కాదు. తీసుకోండి, తప్పు లేదు, ఇంట్లో చావు జరిగినప్పుడు ఆ డబ్బు కావాలి. కానీ కాగితం మీద ‘పూర్తి పరిహారం ముట్టింది, ఇక ఎలాంటి హక్కూ కోరను’ అని ఉంటే సంతకం పెట్టకండి. ‘తాత్కాలిక సాయంగా తీసుకున్నాను, చట్టప్రకారం నాకు రావాల్సింది వదులుకోవడం లేదు’ అని సంతకం పక్కనే రాయించండి. వేలిముద్ర వేసేవాళ్లకు చదివి వినిపించినట్టు ఒక సాక్షి సంతకం ఉండాలి. ఆ డబ్బు వివరం ట్రిబ్యునల్‌కి కూడా చెప్పాలి, చట్టం అడుగుతుంది.

ప్రతి జిల్లాలో గనుల ఆదాయంతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ఉంటుంది. తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికి గని ప్రభావిత గ్రామాల్లో దాన్ని ఖర్చు పెట్టాలి. కేసు తేలేలోపు ట్యాంకర్లు, మందులు, వైద్య శిబిరం దాని నుంచి అడగండి. మీ ఊరు ప్రభావిత గ్రామాల జాబితాలో లేకపోతే ముందు చేర్పించమని అర్జీ ఇవ్వండి.

ఉత్తర్వు మీకు అనుకూలంగా వచ్చి కూడా అధికారులు కదలకపోతే హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 25 వాడండి. దాని ప్రకారం ఆ ఉత్తర్వు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అమలు పిటిషన్ వేయమని మీ లాయరుకు చెప్పి, దాని నంబరు తీసుకోండి.